పంతులుగారి చిగుళ్ళు, ఆరు బుధవారాలు

ఈ రోజుల్లో పళ్ళ వైద్యానికి ఆసుపత్రిలో వేరే గది ఉంది. వెనక్కి వాలే కుర్చీ ఉంది, నెత్తిమీద దీపం ఉంది. నేను నర్సుగా చేరిన ముప్పయ్యో దశకంలో, ఏలూరులో మా మిషన్ ఆసుపత్రికి ఉన్నవి ఒక చెక్క కుర్చీ, ఒక పింగాణీ గిన్నె, నా కుడి మణికట్టు. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన అమ్మాయిలు నన్ను చూసినప్పుడల్లా "మీ రోజుల్లో ఎలా చేసేవారండీ?" అని అడుగుతుంటారు. చేసినవన్నీ చెప్పుకుంటే గొప్పలకిందకి వస్తుంది. అందుకని చేసిన ఒక తప్పూ, దాని తరవాత పట్టిన ఒక పట్టూ చెబుతాను.

మా నాన్న దెందులూరు దగ్గర ఒక రైతు ఇంట్లో పాలేరు. అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది. బడిలో వేసేదాకా నేనూ అమ్మ పక్కన నిలబడి వరి ఊడ్చాను, ఇంటికొచ్చి వడ్లు దంచాను. మా పేటలో ఉన్న చర్చి బడి తరవాత మిషన్ వాళ్ళు నర్సు శిక్షణకి పంపారు. మా డాక్టరుగారు ఇంగ్లీషు దొరసాని. తెలుగు బాగా నేర్చుకున్న మనిషి. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది రోకలి పట్టిన చెయ్యి. పళ్ళు తియ్యడానికి నాకు ఇలాంటిదే కావాలి" అన్నారు. ఆ పూటనుంచి ఆసుపత్రిలో పళ్ళు పీకే పని నాది.

ఆవిడ అంతకుముందే సెలవుకి ఇంగ్లండు వెళ్ళొచ్చారు. వస్తూ ఒక కొత్త నమ్మకం వెంట తెచ్చుకున్నారు. ఒంట్లో ఎక్కడ నొప్పి ఉన్నా దాని మూలం చిగుళ్ళలో దాగిన చీములోనే ఉందనీ, ఆ పళ్ళన్నీ తీసేస్తే కీళ్ళనొప్పులూ కడుపునొప్పులూ వాటంతట అవే పోతాయనీ. ఆ కాలంలో ఎంతో పెద్ద డాక్టర్లు కూడా అలాగే నమ్మారు, ఆవిడొక్కరినీ అనడానికి లేదు. ఆవిడ చీటీమీద "అన్నీ" అని రాసేవారు. నేను అన్నీ పీకేదాన్ని.

చిగుళ్ళ జబ్బుని మేము పయోరియా అనేవాళ్ళం. జబ్బు ఎలా వస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను, ఇది తెలియకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. తిన్నది పళ్ళ మొదళ్ళలో పాచిగా పేరుకుంటుంది. రోజూ పోగొట్టకపోతే అదే గట్టిపడి గార అవుతుంది. గార చిగురునీ పంటినీ విడదీస్తుంది. ఆ సందులో చీము చేరుతుంది. లోపల పంటిని పట్టుకున్న ఎముక కొంచెం కొంచెం కరిగిపోతుంది. ముందు నెత్తురు, తరవాత వాసన, తరవాత కదలడం. ఇంత జరుగుతున్నా నొప్పి పెద్దగా ఉండదు. మనిషి మోసపోయేది అక్కడే.

కొల్లేటి లంక ఊళ్ళో మిషన్ బడి నడిపే మాస్టారొకాయన మోకాళ్ళ నొప్పులని మా దగ్గరికి వచ్చారు. నలభై దాటిన మనిషి. చిగుళ్ళు నొక్కితే నెత్తురొచ్చింది. డాక్టరుగారు చీటీమీద "అన్నీ" అని రాశారు. ఇరవై ఏడు పళ్ళు నాలుగు విడతల్లో పీకాను. వెనకవి తేలిగ్గానే వచ్చాయి. ముందు పళ్ళ దగ్గర మాత్రం నా మణికట్టు పీకింది. ఒక్కటీ విరక్కుండా తీశానని మా కాంపౌండరుగారు మెచ్చుకున్నారు. నేనూ ఆ మాట హాస్టల్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఎనిమిది నెలల తరవాత టీకాలు వెయ్యడానికి ఆ లంకకే వెళ్ళాల్సి వచ్చింది. తాటిదోనెలో నాచు తప్పించుకుంటూ పోయేసరికి బాగా పొద్దెక్కింది. దోనె దిగుతుంటేనే బడిపాకలోంచి పిల్లల గొంతులు వినిపించాయి. చిన్న తరగతి పిల్లలు కోరస్‌గా చదువుతున్నారు.

"శీత శంతకి వెళ్ళింది. శీత శొరకాయ తెచ్చింది."

నవ్వొచ్చింది నాకు. పాక గుమ్మంలోకి వెళ్ళి చూసేసరికి నవ్వు పోయింది. మాస్టారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని పలక చూపిస్తున్నారు. ఆయన ఎలా అంటున్నారో పిల్లలూ అలాగే అంటున్నారు. అటు మూల కూర్చున్న పెద్ద పిల్లలు, ఆయనకి పళ్ళుండగా చదువు నేర్చినవాళ్ళు, "సీత" అని శుభ్రంగా పలుకుతున్నారు. ఒకే పాకలో రెండు రకాల తెలుగు. ఆ రెండింటికీ మధ్య ఉన్నది నా పటకారు.

పిల్లలకి టీకాలు వేశాక మాస్టారు నాకు కుర్చీ వేసి, తను బల్లమీద కూర్చున్నారు. ఆయన మాటలు ఇక్కడ సరిగ్గా రాస్తున్నాను గాని, వినడానికి అలా లేవు.

"మోకాళ్ళు తగ్గాయాండీ మాస్టారండీ?" అన్నాను.

"లేదమ్మా. పళ్ళే తగ్గాయి," అని కండువా చాటున నవ్వారు.

ఆయన పలకలు సర్దుతూ అన్నారు. "పిల్లల్ని దిద్దలేకపోతున్నానమ్మా. తప్పు నాలో పెట్టుకుని వాళ్ళని ఏమని దిద్దుతాను? ఇన్‌స్పెక్టరుగారు వస్తే ఈ బడి ఉంచుతారో లేదో."

"నొప్పికి మూలం పళ్ళేనని డాక్టరుగారు అన్నారండీ..."

"వెనకవి పాడయ్యాయి, నిజమేనమ్మా. ముందువి గట్టిగానే ఉన్నాయి. మీరు పీకేటప్పుడే తెలిసింది నాకు. మీ చెయ్యి వణికింది."

"మరి అప్పుడే చెప్పలేదేమండీ?"

"నోట్లో మీ చెయ్యి ఉంది కదమ్మా," అన్నారాయన. ఎత్తిపొడుపు లేదు. అడిగినదానికి జవాబు చెప్పారు, అంతే.

తిరుగు దోనెలో, ఏలూరు చేరేలోపల ఒకటి అనుకున్నాను. నిలబడే పన్నుని ఇంక నా చేత్తో పీకను. ఎవరు చీటీ రాసినా సరే.

అనుకోవడం తేలికే. పీకకపోతే మరేం చెయ్యాలి? మా పళ్ళ పనిముట్ల పెట్టె కింది అరలో నాలుగు సన్నని ఉక్కు కొక్కేలు ఉండేవి. కొన్నప్పటినుంచీ వాటిని ఎవరూ ముట్టుకోలేదు. డాక్టరుగారిని అడిగాను.

"గార గీకడానికి. ఒక్కొక్క పంటికీ చిగురు లోపలిదాకా పోయి గీకాలి. ఒక్క మనిషికి గంటలు పడుతుంది. వరండాలో ఎంతమంది కూర్చున్నారో చూశావుగా?" అన్నారు.

"పీకితే అరగంటలో అయిపోతుందండీ. కాని తరవాత పాపం ఆ మనిషి బతుకంతా..." అని ఆగిపోయాను. ఆవిడ నా మొహం చూసి, తరవాతి రోగిని పిలిచారు. పెట్టెతో వచ్చిన చిన్న ఇంగ్లీషు పుస్తకం మాత్రం మర్నాడు నా బల్లమీద ఉంది.

మూడు నెలలు అభ్యాసం చేశాను. ముందు మా వార్డు ఆయా ఒప్పుకుంది. ఆవిడకి పళ్ళు తోముకుంటే నెత్తురు పడేది. తరవాత హాస్టల్ అమ్మాయిలు. ఒకసారి చెయ్యి జారి ఒక అమ్మాయి చిగురు చీరేశాను. ఆ పిల్ల వారం రోజులు నాతో మాట్లాడలేదు. మెల్లిగా కొక్కెం ఎక్కడ పట్టాలో, ఎక్కడ ఆపాలో వేలికి తెలిసొచ్చింది. గార రాలిపోయిన చోట చిగురు ఎరుపు తగ్గి గులాబీ రంగుకి తిరగడం కళ్ళారా చూశాను. నెత్తురు ఆగిపోయింది. కాంపౌండరుగారు మాత్రం, "ఇత్తడి గిన్నెలు తోముకున్నట్టు ఎన్నాళ్ళు తోముతావమ్మాయ్?" అని వేళాకోళం చేసేవారు. ఆయన మంచివాడే. మందులు కలపడంలో ఆయనకి సాటి లేరు. గీకితే జబ్బు పోతుందంటే మాత్రం ఆయన మనసుకి ఎక్కేది కాదు, సీసాలోంచి రానిది ఆయన దృష్టిలో వైద్యం కాదు.

ఇప్పుడు పంతులుగారి సంగతి.

బుధవారాలు మేము భీమడోలులో డిస్పెన్సరీ నడిపేవాళ్ళం. స్టేషనుకి దగ్గరలో ఒక పెంకుటిల్లు, ముందు వెడల్పాటి అరుగు. కాంపౌండరుగారూ నేనూ ఉదయం బండికి వెళ్ళి సాయంత్రం బండికి వచ్చేవాళ్ళం. డాక్టరుగారు నెలకోసారి వచ్చేవారు. అలా ఆవిడ వచ్చిన ఒక బుధవారం, తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరినుంచి ఒక పురోహితులుగారూ ఆయన భార్యా బండి దిగి వచ్చారు. ఆయనకి యాభై ఉంటాయి. పెద్ద గొంతు, నిటారు మనిషి. నోటికి పంచె చెరగు అడ్డం పెట్టుకునే మాట్లాడారు.

ముందు పళ్ళు మూడు కదులుతున్నాయి. చిగుళ్ళు నొక్కితే చీము. వాసనకి భార్య కూడా దూరం జరుగుతోందని ఆయనే చెప్పుకున్నారు. దానికన్నా పెద్ద బాధ వేరే ఉంది. మంత్రంలో అక్షరాలు జారిపోతున్నాయి. కిందటి పెళ్ళిలో ఎవరో పెద్దాయన నలుగురిలో ఆపి, "పంతులుగారూ, ఆ మాట మళ్ళీ చెప్పండి" అన్నాట్ట. "అక్షరం తప్పితే చదివిందంతా వృథా అమ్మా. నా తండ్రి నాకిచ్చింది అదొక్కటే," అన్నారు డాక్టరుగారితో. ఆ గొంతులో భయం ఉంది.

డాక్టరుగారు చూసి చీటీమీద రాశారు. "అన్నీ."

నేను చీటీ తీసుకుని, పక్కగదిలోకి ఆవిడ వెనకే వెళ్ళాను. అప్పటిదాకా ఆవిడ మాటకి ఎదురు చెప్పి ఎరగను.

"ఈ పళ్ళు పీకనండీ," అన్నాను.

"ఏమిటీ?"

"నాకు ఆరు వారాలు ఇవ్వండి డాక్టరుగారండీ. గార తీస్తాను, ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలో నేర్పుతాను. ఆరు వారాల తరవాత మీరే నొక్కి చూడండి. చీము వస్తే మీరు చెప్పినన్నీ నేనే పీకుతాను. లంకలో మాస్టారిని ఒకసారి చూసి రండి, తరవాత నన్ను కోప్పడండి."

ఆవిడ చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయారు. "ఆరు వారాలే. ఏడోది లేదు," అన్నారు చివరికి. ఆ మధ్యాహ్నం బండికి ఆవిడ ఏలూరు వెళ్ళిపోయారు.

నేను కొక్కేలు మరగబెట్టి పట్టుకొచ్చేసరికి పంతులుగారు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఏ ఊరమ్మా నీది?"

"దెందులూరు దగ్గరండి."

"మీ నాన్నగారేం చేస్తారు?"

ఎందుకు అడుగుతున్నారో తెలియక కాదు. "పాలేరండి," అన్నాను.

ఆయన నోరు మూసుకున్నారు. మాట మానెయ్యడం కాదు, నిజంగానే పెదవులు బిగించి మూసుకున్నారు. కాసేపటికి, "దొరసానిగారు చేస్తే చేయించుకుంటాను. స్నానం చేస్తే పోతుంది. నువ్వు వద్దమ్మా," అన్నారు. నా చెయ్యి పడితే దేనితో పోతుందో మాత్రం ఆయన చెప్పలేదు.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. చెవులు వేడెక్కాయి. కాంపౌండరుగారు మెల్లిగా, "పోనీ అమ్మాయ్. ఆయన నోరు, ఆయన చీము. మనకెందుకు?" అన్నారు. ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. ట్రే అక్కడ పెట్టేసి తరవాత మనిషిని పిలిస్తే సరిపోయేది. అయితే నేను వదిలేస్తే ఆయన ఇంకెక్కడికో పోతారు. అక్కడ ఇంకెవరో అన్నీ పీకేస్తారు. ఆ తరవాత ఆయన మంత్రం కూడా ఆ పిల్లల పాఠంలాగే అవుతుంది. ఆయనకి నేనంటే ఏమిటో ఆయనకి తెలుసు. నాకు ఆ పళ్ళంటే ఏమిటో నాకు తెలుసు. ఆ రెండో సంగతి మీదే నిలబడ్డాను.

అరుగు చివర ఆయన భార్య కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పత్తి పెట్టుకుని, ఊరికే ఉండలేక వత్తులు చేస్తున్నారు. వేళ్ళు చూశాను. సన్నగా, తొణక్కుండా, ఒకే లెక్కన తిరుగుతున్నాయి.

"అమ్మగారండీ, మీరు చెయ్యగలరా?" అన్నాను.

"నేనా? ఏం చెయ్యాలమ్మా?"

"నేను చెబుతాను. చెయ్యి మీది."

ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన పైకప్పు వైపు చూశారు. వద్దనలేదు.

ఆవిడ దగ్గర తాంబూలం సున్నం ఉంచుకునే ఇత్తడి సున్నపుకాయ ఉంది. ఏళ్ళ తరబడి వాడింది, మూతిచుట్టూ సున్నం రాయిలా కట్టుకుపోయింది. కొక్కెం ఆవిడ ముందు పెట్టి, ఇత్తడి మీద గీత పడకుండా ఆ సున్నం రాల్చమన్నాను. మొదట మూడు గీతలు పడ్డాయి. తరవాత సున్నం పొరలు పొరలుగా ఊడొచ్చింది. "గార కూడా ఇలాగే ఉంటుందండీ. కొక్కెం పంటికి ఆనించి, చిగురు కిందనుంచి బయటికి లాగాలి. లోపలికి తొయ్యకూడదు." అరగంటలో ఆవిడకి పట్టు దొరికింది. నాకు మూడు నెలలు పట్టిందని ఆవిడకి చెప్పలేదు.

అలా మొదలైంది. పంతులుగారు అరుగుమీద కుర్చీలో. అమ్మగారు ఆయన పక్కన. నేను నాలుగడుగుల దూరంలో అద్దం పట్టుకుని, ఎండని ఆయన నోట్లోకి తిప్పుతూ. ఎండకి అంటు లేదు కాబట్టి దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. మరిగే నీళ్ళలోంచి తీసిన ఉక్కుకీ దోషం లేదని ఆయనే తేల్చారు. "ఇంకొంచెం కిందికండీ... ఆ పంటి వెనకవైపు... అదిగో, గరుకు తగిలిందా? అదే. మెల్లిగా." నెత్తురొస్తే ఆవిడ చెయ్యి ఆగేది. "రానివ్వండి. చెడ్డ నెత్తురు కాదు, వాచిన చిగురు అలాగే కారుతుంది. అవతలివారం ఇంత రాదు," అనేదాన్ని. మొదటి బుధవారం నాలుగు పళ్ళయ్యాయి. అరుగుమీది మిగతా రోగులు వైద్యం మానేసి దీన్నే చూశారు.

ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని అంతకన్నా పెద్దది. ఆయన అంతవరకూ కాల్చిన పిడకల కచ్చికపొడితో పళ్ళని అడ్డంగా బరబరా రుద్దేవారు. చిగుళ్ళు అరిగిపోయి పంటి మొదళ్ళు బయటపడ్డాయి. వేపపుల్ల మెత్తగా కుంచెలా నమిలి, చిగురుమీంచి పంటి మీదికి, పైవి కిందికీ కిందివి పైకీ తోముకోమన్నాను. తిన్నప్పుడల్లా పుక్కిలించమన్నాను. పొద్దునా సాయంత్రం గోరువెచ్చని ఉప్పునీళ్ళు. కిళ్ళీలో పొగాకు మానెయ్యమన్నాను.

"అమావాస్యకీ ఏకాదశికీ తద్దినాలకీ పుల్ల ముట్టకూడదమ్మా," అన్నారాయన. ఆయన వృత్తిలో ఎవరి తద్దినమో ఒకటి వారానికి రెండుసార్లు ఉండేది.

"మరి ఆ రోజుల్లో ఏం చేస్తారండీ?"

"పన్నెండుసార్లు నీళ్ళు పుక్కిలిస్తే శుద్ధి."

"ఆ పన్నెండూ ఉప్పునీళ్ళతో చెయ్యండి."

ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఏదో వెతుక్కున్నారు. "ఉప్పు కూడదని ఎక్కడా లేదు," అన్నారు.

పొగాకు దగ్గర మాత్రం ఓడిపోతూ వచ్చాను. మూడో బుధవారం, "పూర్తిగా మానేశాను" అన్నారు. వెనకనుంచి అమ్మగారు, "నిన్న పొద్దున్న వేసుకున్నారమ్మా," అన్నారు. ఆయన ఉరిమి చూశారు. "నా నోరు నువ్వు గీకుతున్నావు గనక సరిపోయింది," అన్నారు. నాలుగో వారానికి ఎదరి పళ్ళ చుట్టూ చిగురు బిగిసింది. వాసన తగ్గింది. కాంపౌండరుగారు తనంతట తనే వచ్చి ఒకసారి తొంగిచూసి, "ఊఁ" అని వెళ్ళారు.

ఐదో బుధవారం ఆయన బండి దిగి నడవలేక, అమ్మగారి భుజం పట్టుకుని వచ్చారు. ఎడమ దవడ కొబ్బరికాయలా వాచిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. కింది వైపు చివరి దంతం దగ్గర, మేమింకా వెళ్ళని చోట, చీము కట్టింది. నోరు రెండు వేళ్ళ వెడల్పుకన్నా ఎక్కువ తెరుచుకోవడం లేదు. మింగడం కష్టంగా ఉంది. వాపు దవడ దాటి గొంతు కిందికి దిగుతోంది. అక్కడికి దిగితే ఊపిరి అందదు. అలా పోయిన ఒక మనిషిని నేను వార్డులో చూశాను.

డాక్టరుగారు ఏలూరులో ఉన్నారు. మధ్యాహ్నం బండి అప్పటికే వెళ్ళిపోయింది, మళ్ళీ సాయంత్రానికి గాని లేదు. కాంపౌండరుగారు నన్ను లోపలికి పిలిచారు. "ఇది ఇక్కడ ముట్టుకోకు. ఏమైనా అయితే ఎవరిమీదకి వస్తుంది? మనిద్దరి మీదికి. బండి దాకా తడిగుడ్డ వేసి కూర్చోబెడదాం."

"బండి వచ్చేలోపల గొంతు మూసుకుపోతే?"

ఆయన పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టారు. ఆ మనిషిలో నాకు బాగా నచ్చింది అదే. వాదన ఓడిపోయినప్పుడు ఆయన పనిలోకి దిగేవారు.

చిన్న కత్తి, పటకారు మరిగాయి. అమ్మగారు కత్తి చేతిలోకి తీసుకున్నారు. నేను చోటు చూపించాను. ఆవిడ చెయ్యి ఆయన పెదవి దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ ఆగింది. కత్తి పళ్ళెంలో పెట్టేశారు.

"నావల్ల కాదమ్మా. గార వేరు, ఇది వేరు. నువ్వు చెయ్యి."

నేను పంతులుగారి వైపు చూశాను. ఆయన పెదవులు బిగించారు. ఆ నొప్పిలో కూడా బిగించారు.

అప్పుడు అమ్మగారు లేచి నిలబడ్డారు. అప్పటిదాకా ఆవిడ గొంతు నలుగురిలో అంత పెద్దగా ఎవరూ విని ఉండరు.

"ఏవండీ, ఐదు వారాలుగా నా చేతిని నడిపించింది ఆ పిల్ల మాట. ఆ మాట మీ నోట్లోకి వెళ్ళినప్పుడు అడ్డం రాని మడి, చెయ్యి వెళ్ళేటప్పుడు వస్తుందా? మీరు పోతే నేనేం కావాలి? వద్దంటే చెప్పండి, నేను ఈ అరుగుమీదే కూర్చుంటాను. మీరొక్కరే బండెక్కండి."

పంతులుగారి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నొప్పికో, దేనికో నాకు తెలియదు. నోరు తెరిచారు. తెరిచినంత మేర.

నేను ఆయనకి కనిపించేలా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను. కాంపౌండరుగారు వెనకనుంచి తల పట్టుకున్నారు. అద్దం ఈసారి అమ్మగారి చేతిలో ఉంది. వేలితో తడిమి మెత్తటి చోటు పట్టుకున్నాను, గాటు పెట్టాను. చీము ఒక్కసారిగా వచ్చింది. పింగాణీ గిన్నె సగం నిండింది. ఆయన బిగపట్టిన ఊపిరి వదిలారు. ఆ పన్ను వేలు తగిలితేనే ఊగుతోంది. దానికి నిలబడే ఓపిక లేదు. పటకారుతో ఒక్క తిప్పు తిప్పితే వచ్చేసింది. పక్క పన్ను కూడా కొంచెం కదిలింది. దాన్ని ముట్టుకోలేదు.

గంటకి గొంతు దగ్గర వాపు తగ్గుముఖం పట్టింది. గోరువెచ్చని నీళ్ళు మింగగలిగారు. మొదటి మాటగా ఆయన అన్నది ఇదీ: "ఇంటికి వెళ్ళి తలస్నానం చెయ్యాలి."

"చెయ్యండి. జ్వరం తగ్గాక చెయ్యండి. ఉప్పునీళ్ళు మాత్రం ఇవాళనుంచే," అన్నాను.

సాయంత్రం బండిలో నేను కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. గెలిచిన ఏడుపా, అవమానపు ఏడుపా అని అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పటికీ తేల్చుకోలేదు. కాంపౌండరుగారు చూసీ చూడనట్టు, "రేపటినుంచి ఆ కొక్కేలు నాకూ నేర్పమ్మాయ్," అన్నారు.

ఆరో బుధవారం డాక్టరుగారు భీమడోలు వచ్చారు. పంతులుగారిని కూర్చోబెట్టి ఒక్కొక్క చిగురూ బొటనవేలితో నొక్కారు. పైవరస, కిందివరస. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎక్కడా చీము రాలేదు. ఒకచోట మాత్రం చిన్న నెత్తురు చుక్క. ఎదరి పళ్ళు మూడూ వేలితో ఊపి చూశారు. పూర్తిగా గట్టిపడలేదు గాని నిలబడ్డాయి. "ఏదైనా చదవండి," అన్నారు ఆయనతో. ఆయన పెళ్ళిమంత్రం ఒకటి ఎత్తుకున్నారు. ఆ పెద్ద గొంతు అరుగుమీంచి రోడ్డు మీదికి వెళ్ళింది. అక్షరాలు నాకు అర్థం కాలేదు. ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా వినిపించింది, అది చాలు. అమ్మగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు.

డాక్టరుగారు నా చేతిలోంచి ఆరు వారాల నాటి చీటీ అడిగి తీసుకున్నారు. "అన్నీ" అన్నమాట కొట్టేసి "ఒకటి" అని రాశారు. ఆ తరవాత మా ఆసుపత్రిలో ఆరు వారాలు గార తీసి చూడకుండా ఎవరి పళ్ళూ మొత్తం పీకలేదు. ఆవిడ స్వయంగా దోనెలో లంకకి వెళ్ళి మాస్టారిని క్షమించమని అడిగారు. మద్రాసునుంచి పళ్ళ సెట్టు తెప్పించి ఇచ్చారు. అది ఆయనకి సరిగ్గా అమరలేదు, అన్నం తినడానికి పనికి రాలేదు. బడి వేళకి పెట్టుకుని, గంట కొట్టగానే చొక్కా జేబులో వేసుకునేవారు. పిల్లలకి "సీత" వచ్చింది. మోకాళ్ళు మాత్రం చివరిదాకా నొప్పిపెడుతూనే ఉన్నాయి.

మీకు చెప్పేది ఒక్కటే. రోగి నోరు తెరిచి ఉన్నప్పుడు తనకి తెలిసింది చెప్పలేడు. పటకారు పట్టుకునే ముందే అడగండి, వినండి. మీ పెద్ద డాక్టరు రాసిన చీటీ తప్పనిపిస్తే, భయమేసినా వెళ్ళి చెప్పండి.

పంతులుగారి వీధినుంచి ఆ వేసవంతా ఆడవాళ్ళు వచ్చారు. అమ్మగారే వెంటబెట్టుకుని వచ్చేవారు. సగం మందికి గార ఆవిడే తీసేవారు. పంతులుగారు కూడా తన వంతుకి వచ్చారు. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. నేను కొక్కెం పట్టుకున్నాను, ఆయన నోరు తెరిచారు. ఇంటికెళ్ళి తలస్నానం చేసేవారని అమ్మగారు చెప్పేవారు. నేను విని ఊరుకునేదాన్ని.

అలాంటి ఒక బుధవారం, పని అయిపోయింది. ఎండ మండిపోతోంది. వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకున్న చెంబులో నీళ్ళు పుక్కిలించడానికే సరిపోయాయి. అమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని, "దాహంగా ఉందమ్మా, మంచినీళ్ళున్నాయా?" అన్నారు.

"స్టేషనులో మీకు వేరే ఉంటాయండి. తెప్పిస్తాను."

"అంతదూరం ఎందుకు? ఆ మూల కుండలోవి నీళ్ళు కావా?"

అది నేను తాగే కుండ. నేను కదల్లేదు. కాంపౌండరుగారి కల్వం చప్పుడు ఆగిపోయింది. అమ్మగారు గ్లాసు కోసం చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. నేను నీళ్ళు ముంచి ఇచ్చాను. ఆవిడ పైకెత్తి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, "చల్లగా ఉన్నాయి," అన్నారు.

పంతులుగారు అంతా చూశారు. కండువా దులుపుకుని భుజాన వేసుకున్నారు. చెప్పులు తొడుక్కున్నారు. "బండికి టైమయింది, పద," అని భార్యతో అని, రెండు మెట్లు దిగి ఆగారు. వెనక్కి తిరిగి నా వైపు చూశారు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?" అన్నారు.

అన్ని నెలల్లో ఆయన నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

"ఆరు నెలలకి రండి పంతులుగారండీ," అన్నాను. "ఈలోపల నెత్తురు కనిపిస్తే ముందే రండి."